నవ్వు ఎక్కడ ఆగింది?

విశాఖపట్నంలో పాఠకుల సమావేశంలో డేవిడ్ లాడ్జ్ నవల ‘ఛేంజింగ్ ప్లేసెస్’ మీద చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడుంది, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

నవల చదివొచ్చినవాళ్లని మనం ఏమడుగుతాం? “ఎలా ఉందండీ?” అంటాం. “బావుంది” అంటారు. అయిపోయింది. ఆ “బావుంది”లో మనకి దక్కిందేమిటి? ఏమీ లేదు. కాస్త ఓపికున్నవాళ్లయితే “బావుంది గానీ, చివర్లో ఏదీ తేల్చలేదు” అంటారు. అది కూడా తీర్పే, కబురు కాదు. హాస్య నవల చదివినవాళ్లని అడగాల్సింది వేరే ఉంది. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడ ఆగిపోయారు? ఏ పేజీలో? మళ్లీ అంటున్నాను, ఎక్కడ నవ్వారని కాదు, ఎక్కడ ఆగారని. నవ్విన చోటు అందరికీ ఇంచుమించు ఒకటే ఉంటుంది. ఆగిన చోటు మాత్రం మనిషికొకటి. ఈ పూట నేను మాట్లాడేదంతా దాని గురించే.

పుస్తకం సంగతి రెండు ముక్కల్లో. లాడ్జ్ 1960 నుంచి 1987 దాకా బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినాయన. 1969లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి అతిథి అధ్యాపకుడిగా వెళ్లాడు. 1975లో ఈ నవల వచ్చింది. బర్మింగ్‌హామ్ పేరు ‘రమ్మిడ్జ్’ అయింది, బర్క్‌లీ ఉన్న చోటు ‘యుఫోరియా’ అయింది. కథ 1969 జనవరి 1న విమానాల్లో మొదలవుతుంది. చిత్రమేమిటంటే, ఆయన పోయింది కూడా జనవరి 1నే, 2025లో.

కథేమిటి? రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఆరు నెలల మార్పిడి ఒప్పందం. ఇక్కడి మాస్టారు అక్కడికి, అక్కడి మాస్టారు ఇక్కడికి. రమ్మిడ్జ్ నుంచి ఫిలిప్ స్వాలో వెళ్తాడు, మెతక మనిషి. యుఫోరియా నుంచి మారిస్ జాప్ వస్తాడు, గదిలో అడుగు పెడితే గోడలు కూడా సర్దుకోవాలనిపించే రకం. ఉద్యోగాలు మార్చుకుంటారు, ఊళ్లు మార్చుకుంటారు. చివరికి ఒకాయన భార్య దగ్గర ఇంకొకాయన తేలతాడు. ఫిలిప్ భార్య హిలరీ, ముగ్గురు పిల్లలు. మారిస్ భార్య డెజిరే, కవల పిల్లలు.

విశాఖ పాఠకులకి ఇందులో అదనంగా ఒక సుఖం ఉంది. రమ్మిడ్జ్ అంటే ఫ్యాక్టరీలు, పొగ, వాన, మసి. యుఫోరియా అంటే ఎండ, కొండవాలు, కిటికీ తీస్తే నీళ్లు. ఇంగ్లండులో పాఠకుడికి ఇవి రెండు ఖండాలు. మనకో? గాజువాక నుంచి వాల్తేరు గుట్టకి ఒక బస్సు టిక్కెట్టు! 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో ఈ గుట్ట మీదికి వచ్చింది. అప్పట్నుంచి క్లాసులో కూర్చుని సముద్రం వైపు చూడటమనే వ్యాపకం ఈ ఊరి విద్యార్థులకి ఉంది. ఫిలిప్ యుఫోరియా వెళ్లి కిటికీలోంచి చూస్తూ మెత్తబడిపోయే ఘట్టాలు మనవాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

సరే. ముందు క్యాంపస్ సంగతి. ఇక్కడ నవ్వు ఆగదు. ఎందుకాగదో చూద్దాం.

ఫిలిప్‌కి ఫలానా విషయంలో నిపుణుడని పేరు లేదు. చెప్పుకోదగ్గ పుస్తకమూ రాయలేదు. ఆయన ప్రతిభంతా ఒక్క దాంట్లోనే, ప్రశ్నపత్రం తయారు చెయ్యడంలో. పేపర్ సెట్టింగు! ఈ హాల్లో సగం మంది అధ్యాపకులే కదా, మీకు నేను చెప్పేదేముంది. ప్రశ్నపత్రాన్ని కవిత్వంలా చెక్కే మాస్టారు ప్రతి డిపార్ట్‌మెంటులోనూ ఒకరుంటారు. రెండో వైపు మారిస్ జాప్. ఆయన పంతం ఏమిటంటే, జేన్ ఆస్టెన్ నవలల మీద ఎన్ని కోణాలుంటే అన్ని కోణాల్లోంచీ రాసిపారేసి, ఇక ఆవిడ గురించి ఎవరూ ఒక్క మాట అనడానికి మిగలకుండా చెయ్యాలి. కొత్త సంగతి కనిపెట్టడం కాదండీ, మిగతావాళ్ల నోళ్లు మూయించడం. పెద్ద పండితుడు. కవలలకి పేర్లు కూడా ఎలిజబెత్, డార్సీ అని పెట్టుకున్నాడు, ఆస్టెన్ నవల్లోంచే.

వీళ్లని చూసి ఎందుకు హాయిగా నవ్వుతాం? వీళ్లకి పోయేదేమిటి? పరువు. మహా అయితే ప్రమోషన్. ఇంట్లో అన్నం మానదు కదా, అందుకు నవ్వుతాం.

ఈ నవలలో ఒక ఆట ఉంది. చదివినవాళ్లు పేర్లన్నీ మర్చిపోయినా ఈ ఆట మర్చిపోరు. దాని పేరే ‘అవమానం’. ఫిలిప్ యుఫోరియా వాళ్లకి నేర్పుతాడు. నియమాలు చెబుతాను, కావాలంటే రాసుకోండి, చివర్లో పనికొస్తుంది. ఒక్కొక్కరూ తాము చదవని పుస్తకం పేరు చెప్పాలి. మిగతావాళ్లలో దాన్ని ఎంతమంది చదివి ఉంటే అన్ని పాయింట్లు. అంతే. పన్నెండు మంది కూర్చున్నారు, నేను ఎవరూ వినని పుస్తకం పేరు చెప్పాను. ఎన్ని పాయింట్లు? సున్నా. అందరూ చదివేసిన పుస్తకం పేరు చెప్పి “నేను చదవలేదు” అన్నాను. పదకొండు. అంటే గెలవాలంటే సిగ్గు విడవాలి. సిగ్గు దాచుకుంటే ఓడిపోతారు.

హోవర్డ్ రింగ్‌బామ్ అని ఒక లెక్చరరు. గెలుపు మీద పిచ్చి ఉన్నవాడు, చదవలేదని ఒప్పుకోవాలంటే ప్రాణం మీదికొచ్చేవాడు. మొదట్లో ఆట అర్థం కాక, ఎవరూ వినని పుస్తకాల పేర్లు చెప్పి గొప్పకి పోతాడు. పాయింట్లు రావు. తర్వాత కిటుకు తెలుస్తుంది. తెలిశాక ఆగలేకపోతాడు. “హామ్లెట్!” అని అరుస్తాడు. ఎవరూ నమ్మరు. చదవలేదని ఒట్టు పెట్టి మరీ చెబుతాడు. ఆట గెలుస్తాడు. మూడు రోజుల తర్వాత ఉద్యోగం పర్మనెంటు చేసే సమీక్షలో తప్పుతాడు. హామ్లెట్ చదవలేదని నలుగురిలో చెప్పుకున్నవాణ్ని ఇంగ్లీషు శాఖ ఎలా పర్మనెంటు చేస్తుంది చెప్పండి?

మన దగ్గరికి తెచ్చుకుందాం. శ్రీశ్రీ పుట్టిన ఊరు ఇది. ఈ ఊళ్లో నిలబడి “‘మహాప్రస్థానం’ చదవలేదు” అని ఎవరంటారు? అన్నవాడికి పాయింట్లే పాయింట్లు. ‘వేయిపడగలు’ చదవలేదంటే మాత్రం ఎక్కువ రావు సుమండీ. అది అందరి బీరువాల్లోనూ ఉంటుంది. నవ్వుతున్నారు, అంటే ఎవరు చదవలేదో తెలిసిపోతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రింగ్‌బామ్ ఉద్యోగం పోయిందని చదివి కొంతమంది నవ్వరు. “పాపం, ఆ మాత్రానికే తీసేస్తారా?” అంటారు. మనసు నొచ్చి ఆగారా, అర్థం కాక ఆగారా? చాలాసార్లు అర్థం కాకే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో కొన్నేళ్ల ఉద్యోగం తర్వాత సమీక్ష ఉంటుంది. అందులో నెగ్గితే ఆ కొలువు పదిలం. నెగ్గకపోతే అక్కణ్నుంచి కదలాల్సిందే. మన ప్రొబేషన్‌తో పోల్చుకుంటే పొరపాటు పడతాం, మన దగ్గర అది చాలామందికి కాయితం పని. ఈ ఒక్క ముక్క ముందే చెబితే, ఆగిన నవ్వు మళ్లీ వస్తుంది.

అలాంటిదే ఇంకొకటి, పాటర్‌నోస్టర్ లిఫ్టు. రమ్మిడ్జ్‌లో మారిస్‌ని, మతి చలించిన శాఖాధిపతి మాస్టర్స్ ఈ లిఫ్టులో తరుముతాడు. మనలో చాలామంది అలాంటిది చూడలేదు. తలుపులుండవు. చిన్న చిన్న గదులు గొలుసుకి కట్టినట్టు ఒక వైపు ఎక్కుతూ, రెండో వైపు దిగుతూ, ఆగకుండా తిరుగుతుంటాయి. కదులుతుండగానే ఎక్కాలి, కదులుతుండగానే దిగాలి. మన బావుల మీద ఎద్దు తిప్పితే తిరిగే గొలుసు బొక్కెనల చక్రం గుర్తు తెచ్చుకోండి, బొక్కెన బదులు మనిషి. ఇది తెలిస్తే ఆ తరుములాట సినిమాలా కనబడుతుంది. తెలియకపోతే రెండు పేజీలు ఇసకలో నడిచినట్టుంటుంది.

ఇప్పుడు పెళ్లి సంగతి. అసలు మాట ఇక్కడుంది.

మారిస్ ఎక్కిన విమానం గుర్తుందా? ఒక విద్యార్థిని దగ్గర టిక్కెట్టు చవగ్గా కొనుక్కుని ఎక్కుతాడు. ఎక్కాక చూస్తే విమానం నిండా ఆడవాళ్లే, మగాడు తనొక్కడే. ఎందుకని? వాళ్లంతా గర్భస్రావం కోసం బ్రిటన్ వెళ్తున్నవాళ్లు. అక్కడ 1967లో చట్టం వచ్చింది. మన దేశంలో ఆ చట్టం 1971లో గానీ రాలేదు. ఆ ఘట్టం నడక చూస్తే పక్కా హాస్యం. మారిస్ కంగారు, లెక్కలు వేసుకోవడం, తన బతుకేదో తనకే గుర్తు రావడం. ఒక పాఠకుడు పగలబడి నవ్వుతాడు. పక్క కుర్చీలో పాఠకురాలు నవ్వదు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఆయన మారిస్ సీట్లో కూర్చుని చదివాడు. ఆవిడ పక్క సీట్లో కూర్చుని చదివింది. విమానం ఒకటే.

ఇది పుస్తకమంతా ఉంటుంది. ఫిలిప్ యుఫోరియాలో ఒక అమ్మాయితో ఒక రాత్రి గడుపుతాడు. ఆ అమ్మాయి మారిస్‌కి మొదటి భార్య వల్ల పుట్టిన కూతురని తర్వాత తెలుస్తుంది. నవ్వొస్తుందా? వస్తుంది. కానీ అదే సమయంలో రమ్మిడ్జ్‌లో హిలరీ ముగ్గురు పిల్లల్ని ఒక్కతే చూసుకుంటోంది. నవ్వుతున్న గొంతులో అది ఎక్కడో అడ్డు పడుతుంది. క్యాంపస్ హాస్యంలో పరువు పోతుంది, ఆ పోయినవాడు మన ఎదురుగానే ఉంటాడు. పెళ్లి హాస్యంలో నష్టం పడేది ఆ పేజీలో లేని మనిషి మీద. ఆ లేని మనిషి గుర్తొచ్చిన పేజీలో పాఠకుడి నవ్వు ఆగుతుంది. ఇంతే సూత్రం.

తెలుగువాళ్లం మనకి ఇది కొత్త కాదు. ‘కన్యాశుల్కం’ తీసుకోండి. అప్పటి మన జిల్లా రాయవరంలో పుట్టిన గురజాడ రాసింది. 1892లో తొలి ప్రదర్శన, 1897లో తొలి ముద్రణ, 1909లో పూర్తిగా తిరగరాసిన రెండో కూర్పు. అందులో ముసలి లుబ్ధావధాన్లు పెళ్లికి కడుపుబ్బ నవ్వుతాం. ఎందుకు నవ్వగలుగుతాం? పెళ్లికూతురు మగపిల్లాడు కాబట్టి! కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి అమ్మేశాడు. ఏ ఆడపిల్ల గొంతూ కోసుకుపోవడం లేదని మనకి ముందే తెలుసు. అదే ముందు అనుకున్న చిన్నపిల్ల సుబ్బిని నిజంగా పీటల మీద కూర్చోబెట్టి ఉంటే? అప్పుడు నవ్వగలమా? గురజాడ ఆ మూలన చాలా జాగ్రత్త పడ్డాడు. అదే గిరీశం బుచ్చమ్మ దగ్గర పలికే మాటలకి వచ్చేసరికి, నవ్వుతూనే లోపల కలుక్కుమంటుంది. నవ్వు, కలుక్కు, రెండూ ఒకే వాక్యంలో. అక్కడ పెళ్లికూతురు దొంగది, ఇక్కడ వితంతువు నిజమైనది. తేడా అదే.

మరి లాడ్జ్ ఆ జాగ్రత్త పడ్డాడా? నా మాట చెబుతాను, ఒప్పుకోకపోతే తర్వాత కొట్లాడదాం. డెజిరే విషయంలో పడ్డాడు. ఆవిడకి నోరుంది, పదునుంది. రింగ్‌బామ్ ఆట సంగతి మనకి తెలిసేది కూడా ఆవిడ మొగుడికి రాసిన ఉత్తరంలోనే, అంటే నవలలో అందరికీ గుర్తుండే జోకు ఆవిడ నోట వచ్చింది. హిలరీ విషయంలో అంత పడలేదు. కాబట్టి “భార్యల్ని సామాన్లలా మార్చుకున్నారు” అని ఎవరైనా విసుక్కుంటే, “ఇది వ్యంగ్యం అమ్మా, మీకు అర్థం కాలేదు” అని మాత్రం అనకండి. వ్యంగ్యమని ఆవిడకి తెలుసు. ఎవరి ఖర్చు మీద అని అడుగుతోంది.

ఇంకొకటి గమనించండి. ఈ ఇద్దరు మగవాళ్లూ ఆ ఇళ్లల్లోకి ఎలా చేరారు? తాము నిర్ణయించుకుని కాదు. అక్కడ కొండచరియ జారి ఫిలిప్ ఉంటున్న ఇల్లు ఉండటానికి లేకుండా పోతుంది, అతను డెజిరే ఇంటికి చేరతాడు. ఇక్కడ మారిస్ అద్దెకున్న ఇంటి కప్పు మీద ఆకాశం నుంచి ఆకుపచ్చ మంచుగడ్డ పడుతుంది. విమానం మరుగుదొడ్డి నుంచి గడ్డకట్టి ఊడిపడ్డది! అతను హిలరీ ఇంటికి చేరతాడు. అక్కడ కింద నేల కదిలింది, ఇక్కడ పైన కప్పు పడింది. కొందరు దీన్ని “మరీ కాకతాళీయం” అని కొట్టిపారేస్తారు. నాకైతే ఇది రచయిత ఆ ఇద్దరికీ ఇచ్చిన సాకులా కనిపిస్తుంది. “నేనేం చెయ్యను, ఇల్లు పడిపోయింది” అనొచ్చు కదా!

పుస్తకం కట్టుబడి మీద వచ్చే ఫిర్యాదులు త్వరగా చెప్పేస్తాను. ఆరు అధ్యాయాలు. మూడోది అంతా ఉత్తరాలు, నాలుగోది అంతా పత్రికల కత్తిరింపులు, కరపత్రాలు, చివరిది సినిమా స్క్రిప్టు. నాలుగో అధ్యాయం దగ్గర సగం మంది పేజీలు తిప్పేస్తారు. దానికి మందు ఒకటే. మౌనంగా చదవొద్దు. నలుగురికి పంచి, వార్తలు చదివినట్టు పైకి చదివించండి. ఉద్యానవనం కోసం ఇటుకలు మోసి ఫిలిప్ పోలీసులకి దొరికిపోవడం, అటు రమ్మిడ్జ్‌లో విద్యార్థుల ధర్నా, ఈ రెండూ గొంతులో పడితే నవ్వు దానంతటదే వస్తుంది.

ముగింపు గొడవ పెద్దది. నలుగురూ న్యూయార్క్ హోటల్లో కలుస్తారు. విడాకులా, మార్పిడి పెళ్లిళ్లా, ఎవరింటికి వాళ్లు వెళ్లడమా, అన్నీ చర్చిస్తారు. ఏదీ తేలకముందే ఫిలిప్ భుజాలెగరేస్తాడు, కెమెరా ఆగిపోతుంది. అంతే. మన గిరీశమైతే కథ అడ్డం తిరిగిందని చెప్పి మరీ వెళ్తాడు. ఇక్కడ ఆ పాటి మర్యాద కూడా లేదు! అయితే రచయిత ముందే హెచ్చరించాడు. నవల ఎలా రాయాలో నేర్పే ఒక పాత పుస్తకం ఇందులో మధ్యమధ్య కనిపిస్తుంది. కథలు మూడు రకాలు, సుఖాంతం, దుఃఖాంతం, అసలు అంతమే లేనిది, అందులో అన్నిటికన్నా నాసిరకం మూడోది అంటుందది. లాడ్జ్ కావాలని ఆ మూడోదే రాశాడు. పైగా చివరి పేజీలో ఫిలిప్ చేత ఒక మాట అనిపిస్తాడు. నవల చదివేవాడికి చేతిలో మిగిలిన కాయితాల మందం చూస్తే అయిపోవస్తోందని తెలిసిపోతుంది, సినిమాకి ఆ సదుపాయం లేదు అని. ఫోన్లో చదివినవాళ్లున్నారా? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీ చేతిలో కాయితాల మందం లేదు కదా, అందుకే ఆ జోకు మీకు సగమే తగిలింది. ఈ ఒక్క అధ్యాయం అచ్చు పుస్తకంలో చదవండి.

ఆ జంటలు చివరికి ఏమయ్యాయో తెలుసుకోవాలనుంటే జవాబు ఉంది. తొమ్మిదేళ్లకి, 1984లో, ‘స్మాల్ వరల్డ్’ వచ్చింది, అందులో తెలుస్తుంది. నేను చెప్పను. చర్చకి ముందు మీరూ ఎవరికీ చెప్పకండి, చెబితే ముగింపు మీద మాట్లాడటానికి ఏమీ మిగలదు.

ఇక వచ్చే రెండు ఆదివారాలూ ఎలా కూర్చోవాలో చెప్పి ముగిస్తాను. బృందానికి పన్నెండు మంది, మించొద్దు. పదిహేను దాటితే వెనక వరసలో వేరే సభ మొదలవుతుంది. మొదటి ఆదివారం మూడు అధ్యాయాలు, రెండోసారి మూడు. ఒక్కొక్కటి గంటన్నర. చదివేటప్పుడు పెన్సిలు చేతిలో ఉండాలి. నవ్వొచ్చిన చోట అంచున చిన్న గీత. నవ్వు ఆగిన చోట సున్నా. అర్థం కాని చోట ప్రశ్నార్థకం. అధ్యాయానికి ఒక్క సున్నాయే. రెండు పెట్టాలనిపిస్తే ఏది ఎక్కువ గుచ్చిందో తేల్చుకోండి. మీ దగ్గరున్న ప్రతుల్లో పేజీ నంబర్లు కలవవు కాబట్టి అధ్యాయం పేరు, ఘట్టం కూడా రాసుకోండి.

ఇందులో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ప్రశ్నార్థకానికి బదులు సున్నా పెట్టేస్తారు. అర్థం కాలేదని ఒప్పుకోవడం కన్నా నచ్చలేదనడం తేలిక కదా. అందుకని ముందు పది నిమిషాలు ప్రశ్నార్థకాలన్నీ తీర్చెయ్యండి. తర్వాతే సున్నాలు చదవండి. రెండో తప్పు, ఎవరో ఒకరు కథంతా చెప్పడం మొదలుపెడతారు. ఇరవై నిమిషాలు గోవిందా. “ఏ ఘట్టమండీ?” అని మధ్యలోనే అడిగెయ్యండి, నొచ్చుకోరు. మూడోది, భార్యాభర్తలిద్దరూ వచ్చారనుకోండి, ఈ పుస్తకానికి మాత్రం పక్కపక్కన కూర్చోబెట్టొద్దు. ఒకరి సున్నా చూసి ఇంకొకరు తమది చెరిపేస్తారు. అందుకే సున్నాలు చీటీల మీద రాసి, పేరు లేకుండా గిన్నెలో వెయ్యాలి. టీ కప్పులు చేతికొచ్చాక మెట్ల దగ్గర చెప్పుకునే అసలు మాటలు, చీటీ ఉంటే గదిలోనే బయటికొస్తాయి.

సమయం అయింది, టీ ఇంకా రాలేదు. ఈ లోపు ఆ ‘అవమానం’ ఆట ఒక రౌండు వేద్దాం. తెలుగు పుస్తకాలే. ఆ చివర కూర్చున్న అమ్మాయితో మొదలుపెట్టి ఇటు వద్దాం. తెలుగు శాఖ మాస్టార్లు ముగ్గురున్నారు, మీరు ఆఖర్న చెప్పండి మాస్టారూ. రికార్డింగు ఆపేశాకే.